ఆఖరి ప్రశ్నకు జవాబు: లేదు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో భాస్కరరావు దస్తూరి అంటే భయపడని ఉద్యోగి లేడు. అచ్చు గుద్దినట్టుండే ఆ అక్షరాలు ఎవరి పేరు మీద పడితే వాళ్లింట్లో ఆ పూట అన్నం సయించేది కాదు. ఎందుకంటే ఆయన పని చేసేది క్రమశిక్షణ సెక్షన్లో. డ్యూటీకి ఆలస్యంగా వచ్చినవాడికి, సిగ్నల్ దగ్గర పరాకుగా ఉన్నవాడికి, పై అధికారికి ఎదురు చెప్పినవాడికి ఛార్జిషీటు తయారు చేయడం, వాళ్లిచ్చిన సంజాయిషీని ఫైలుకు గుచ్చడం, ఎంక్వైరీలో సాక్షులు చెప్పేది రాసుకోవడం, ముప్ఫై ఏళ్లుగా ఇదే ఆయన బతుకు. తాత బొబ్బిలి వైపు నుంచి పట్టాలు వెయ్యడానికి వచ్చాడు, నాన్న లోకో షెడ్‌లో ఫిట్టరు. వాళ్లిద్దరూ ఇనుముతో కుస్తీ పట్టారు, ఈయన మనుషులతో పట్టాడు. "మనుషుల కంటే ఇనుమే నయం, కాలిస్తే వంగుతుంది" అని తరచు అనేవాడు. ఆ మాట తనకు కూడా వర్తిస్తుందేమోనన్న అనుమానం ఆయనకు ఎన్నడూ రాలేదు.

పనిలో ఆయనకు రెండు గొప్పలు. ఒకటి, సాక్షి ఎలా చెబితే అలాగే అక్షరం పొల్లుపోకుండా రాయడం. సాక్షి మధ్యలో ఆగితే అక్కడ చుక్కలు పెట్టేవాడు. దగ్గితే "దగ్గాడు" అని రాసేవాడు. ఒకరన్న మాటను మార్చి రాయడం ఆయన దృష్టిలో దొంగతనం కంటే పెద్ద నేరం. రెండోది, వేగం. ప్రతి వాంగ్మూలం చివర తప్పనిసరిగా అడగవలసిన ప్రశ్న ఒకటుంటుంది: "ఇంకా చెప్పవలసింది ఏమైనా ఉందా?" పొద్దుటి నుంచి నిలబడి కాళ్లు లాగుతున్న సాక్షి ఎవడూ "ఉంది" అనడు కదా. అందుకని ఆ ప్రశ్న, దాని కింద "లేదు" అన్న జవాబు సాక్షి గదిలోకి రాకముందే రాసిపెట్టుకునేవాడు. ఈ రెండు గొప్పలకూ ఒకదానితో ఒకదానికి పొసగదని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదు.

ఇంట్లో ఛార్జిషీట్లన్నీ నోటితోనే. పులుసులో బెల్లం ఎక్కువ, తలుపుకి గడియ వెయ్యలేదు, ఫ్యాను ఆర్పలేదు. భార్య హైమావతి పార్వతీపురం పిల్ల. పెళ్లయి వచ్చేనాటికి గలగలా మాట్లాడేదని కాలనీలో పాతవాళ్లు చెబుతారు. ఆవిడ ఒక మాట మొదలుపెడితే దాన్ని పూర్తి చేసే బాధ్యత భాస్కరరావు తీసుకున్నాడు. "ఇవేళ బజార్లో..." అని ఆవిడంటే "టమాటాలు ప్రియం, అంతే కదా" అనేసేవాడు. ఆవిడ చెప్పబోయింది టమాటాల గురించి కాదు. కానీ అన్నేళ్ల కాపరం తర్వాత, తను చెప్పబోయింది ఏమిటో వెతుక్కోవడం దండగని ఆవిడే మానుకుంది.

గొడవ గృహప్రవేశం నాడు వచ్చింది. కొడుకు ఓంకార్ బ్యాంకు లోనుతో ఊరి అంచున ఉస్లాపూర్‌లో ఇల్లు కట్టాడు. కింద తనూ భార్యా, పైన అమ్మా నాన్నా ఉండాలని రెండు వాటాలు వేయించాడు. వచ్చే వేసవిలో భాస్కరరావు రిటైరవుతాడు, ఆ తర్వాత రైల్వే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. అంతా సక్రమంగానే కుదిరింది, భోజనాల దాకా. బంతిలో కూర్చున్న భాస్కరరావు మెట్లు నిటారుగా ఉన్నాయన్నాడు. వంటింట్లో సింకు తప్పు మూల పెట్టారన్నాడు. పులిహోరలో ఇంగువ గుప్పించారన్నాడు. పులిహోర కలిపింది కోడలు హరిప్రియ. పక్కనే ఆ పిల్ల అమ్మా నాన్నా కూర్చుని ఉన్నారు.

హరిప్రియ ఊళ్లోనే సర్కండా పేటలో ఒక స్కూల్లో కౌన్సెలరు. పిల్లల తగువులు వినడం ఆ అమ్మాయి ఉద్యోగం. బిలాస్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. మాటలో సగం హిందీ దొర్లుతుంది, తెలుగు చదవడం అసలే రాదు. మామగారి మాటలన్నీ చిరునవ్వుతో విని, పప్పు గిన్నె కింద పెట్టి, "మామయ్యగారూ, మై భీ ఏక్ బాత్ బోలూఁ? నేనూ ఒకటి చెప్పనా? మీరు అత్తయ్యగారిని ఒక్క మాట కూడా పూరా చెయ్యనివ్వరు" అంది.

బంతిలో అందరి చేతులూ ఆగిపోయాయి. హైమావతి "ఊరుకోమ్మా, అదేటంటే..." అని మొదలుపెట్టింది. "నువ్వు ఉండు" అన్నాడు భాస్కరరావు. పెరుగన్నం రాకముందే లేచి, చెయ్యి కడుక్కుని, ఆటో ఎక్కాడు. మజ్జిగ పోసుకోకుండా విస్తరి ముందు నుంచి లేవడం ఎంత అవమానమో ఆ బంతిలో ఉన్న ఉత్తరాంధ్ర వాళ్లందరికీ తెలుసు. వియ్యంకుడు ఆ పూట మరి ముద్ద ముట్టలేదు.

ఆ తర్వాత ఉస్లాపూర్ నుంచి పిలుపు లేదు. భాస్కరరావు "మనకేం ఖర్మ, అద్దె ఇల్లు చూసుకుందాం" అన్నాడు. హైమావతికి అద్దె ఇల్లు వద్దు. ఆవిడ మనసంతా ఆ పైవాటా మీదే ఉంది. మెట్ల మలుపులో నిలబడితే కోడలి వంటిల్లు కనిపిస్తుంది. కూర గిన్నె అందించుకోవచ్చు, కాస్సేపు మాట్లాడుకోవచ్చు. హరిప్రియ ఎదురుగా కూర్చుని "అచ్ఛా, ఫిర్?" అని అడుగుతూ వింటుంది. ఈ లోకంలో ఆవిడ మాటకి "తర్వాత?" అన్న మనిషి ఆ కోడలొక్కతే. అది పోతే ఇక మిగిలేది ఈయనా, ఈయన గొంతూ. ఈ సంగతి మొగుడితో చెబుదామనే చూసింది. "పైవాటా అయితే నాకు..." అని ఆవిడ అనగానే "మోకాళ్ల నొప్పులు, ఎక్కలేవు" అని ఆయన ముగించాడు.

చివరికి ఓంకార్ ఒక ఆదివారం వచ్చాడు, చేతిలో కొత్త డైరీ. హరిప్రియ పంపింది. ఎవరైనా తనలో తప్పు చూపిస్తే వెంటనే జవాబు చెప్పకుండా, వాళ్లన్న మాట అన్నట్టుగా అందులో రాయాలి. కోపం దిగేదాకా ఆగాలి. అప్పుడు ఆ మాటలో నిజమెంతో, తను మార్చుకోవలసింది ఏమిటో రాయాలి. కొన్నాళ్లు అలా రాసి తెచ్చి చూపిస్తే పైవాటా తాళం ఇస్తుంది.

"వాళ్ల స్కూల్లో సెవెంత్ క్లాసు పిల్లలు కూడా రాస్తున్నారని చెప్పమంది నాన్నా" అన్నాడు ఓంకార్, తండ్రి మొహం వంక చూడకుండా.

"నా చేత ఎక్స్‌ప్లనేషన్ రాయిస్తాదా! నాచేత!" భాస్కరరావు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. హైమావతి మాత్రం ఆ డైరీ తీసుకుని, పమిటతో తుడిచి, ఆయన రాసుకునే బల్ల మీద పెట్టింది. పెట్టి, అక్కడే నిలబడింది. ఆ నిలబడటంలో ఏదో ఉంది. ఆయన డైరీ తెరిచాడు. గీతల కాగితం, నున్నగా, ఖాళీగా. ఖాళీ కాగితం కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు.

డైరీ రాయడమంటే ఏమిటో పిల్లలకి తెలుసునేమో కాని, భాస్కరరావుకి తెలియదు. ఆయనకి తెలిసింది ఎంక్వైరీ. అందుకని మొదటి పేజీలోనే అడ్డంగా నిలువుగా గళ్లు గీశాడు: ఆరోపణ, ఆరోపించినవారు, నిందితుని సంజాయిషీ, సాక్ష్యం, తీర్పు. నిందితుడు తనే. ఆరోపణలు చదివి వినిపించేది తనే. నిందితుడి తరఫున వాదించేది తనే. తీర్పు చెప్పేదీ తనే. చేతిలో ఇన్ని పోస్టులు ఉంటే ఏ మనిషికైనా పని హుషారుగా సాగుతుంది.

మంగలి రాంప్రసాద్, జుట్టుకి రంగు మరీ నల్లగా వేస్తున్నారు సాబ్, టోపీలా ఉందన్నాడు. తీర్పు: "ఆరోపించిన వ్యక్తికి స్వయంగా జుట్టు లేనందున ఈ విషయంలో అతని సాక్ష్యం చెల్లదు." పక్క క్వార్టర్ వాళ్లు, తెల్లవారుజామున ఫోన్లో గట్టిగా మాట్లాడతారన్నారు. తీర్పు: "ఫోన్ అవతల ఉన్న వ్యక్తికి చెవుడు. ఆరోపణ రుజువు కాలేదు." గురక పెడతారని భార్య. దీని మీద ఆయన రెండు పేజీలు రాశాడు. "సదరు సమయంలో నిందితుడు నిద్రలో ఉన్నందున సంఘటనను స్వయంగా చూసినవాడు కాడు. ఫిర్యాదుదారు కూడా కొంతసేపటికి నిద్రపోయినట్టు అంగీకరించినారు. కావున సంశయ లాభం నిందితునికే." తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న సామెత ఆయనకి తెలియకపోలేదు. తన కుందేటి కాళ్లను ఆయన పద్ధతి ప్రకారం లెక్కపెట్టించాడు, అంతే.

రమణబాబు రిటైరైన యూనియన్ మనిషి. ఒకప్పుడు ఎంక్వైరీల్లో కార్మికుల పక్కన కూర్చుని వాదించి, భాస్కరరావుని ముప్పుతిప్పలు పెట్టినవాడు. ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరూ కలిసి టీ తాగుతారు. డైరీ తిరగేసి చాలాసేపు నవ్వాడు.

"ఒరే భాస్కరం, ముద్దాయివీ నువ్వే, జడ్జీవీ నువ్వేనేటి? దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది. నా మనుషుల్లో ఒక్కడికైనా ఇలాటి ఎంక్వైరీ దొరికితే ఎంత బాగుణ్ణు!"

"పద్ధతిలో లోపమేటైనా ఉంటే చూపించు."

"పద్ధతి బెమ్మాండం. ఇంతకీ మీ కోడలన్న మాట ఇందులో ఏదిరా? గొడవంతా దాని గురించే గదా. అది తప్ప అన్నీ రాసీసావు."

ఆ మాట గుచ్చుకుంది. ఒక కేసుని విచారించకుండా పక్కన పెట్టాడన్న పేరు ఆయనకి ఉద్యోగంలో ఎప్పుడూ లేదు. మర్నాడు ఉదయమే ఆ కేసు తీశాడు. ఆరోపణ: భార్యను ఒక్క మాట కూడా పూర్తి చేయనివ్వడు. ఈ ఆరోపణలో బాధితురాలు హైమావతే కాబట్టి ఆవిణ్ణి సాక్షిగా పిలవాలి. వాంగ్మూలానికి వేరే కాగితం తీసి, అలవాటుగా, పైన తేదీ వేశాడు. అలవాటుగానే, అడుగున ఆఖరి ప్రశ్నా జవాబూ రాసిపెట్టుకున్నాడు.

హైమావతి భోజనాల బల్ల దగ్గర తోటకూర ఏరుకుంటోంది.

"నిందితుడు మీ మాటకి ఎప్పుడైనా అడ్డు వచ్చాడా?" సాక్షుల్ని ఆయన మీరు అనే అంటాడు.

ఆవిడ తలెత్తి, ఆయన్ని చూసి, పెన్నుని చూసింది. "అదేటండీ, ఒకసారేటి..."

"అవును, కాదు. రెంట్లో ఒకటి."

"మరి అలాగంటే ఎలాగ? మొన్న మీరు రాయపూర్ ఎల్లినప్పుడు పాలవాడు ఏటన్నాడో..."

"పాలల్లో నీళ్లు. ఈ కేసుకి సంబంధం లేదు. నిందితుడు మిమ్మల్ని ఎప్పుడైనా తిట్టాడా? కొట్టాడా?"

"అయ్యో, అలాటిదేటీ లేదు గానీ, నానేటంటానంటే..."

"లేదు. మంచిది."

ఆవిడన్న ప్రతి మాటనూ అన్నంత మేరకు రాశాడు. ఆగిన చోటల్లా చుక్కలు పెట్టాడు. అంతలో కుక్కరు కూత వేసింది, ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి కాగితం సంతకానికి సిద్ధంగా ఉంది. కొంగుకి చెయ్యి తుడుచుకుని, చూపించిన చోట సంతకం చేసింది. చదవలేదు. రైల్వే క్వార్టర్లో అన్నేళ్లున్న మనిషి, ఎంక్వైరీ కాగితం చదివి సంతకం పెట్టేవాడెవణ్ణీ చూడలేదు. తీర్పు: "బాధితురాలే నిందితునిపై ఎటువంటి ఫిర్యాదూ చేయనందున ఆరోపణ రుజువు కాలేదు."

వేసవి మొదలైంది. భాస్కరరావు డైరీకి అట్ట వేసి, పేజీలకు అంకెలు వేసి, వాంగ్మూలాల్ని ట్యాగుతో గుచ్చి, భార్యను తీసుకుని ఉస్లాపూర్ బయలుదేరాడు. ఆటోలో హైమావతి ఫైలు వంకే చూస్తూ కూర్చుంది. "అందులో ఏటి రాసారండీ? తాళం ఇస్తాదంటారా?" అని అడిగింది. "ఒక్కటీ రుజువు కాలేదు, ఇవ్వక ఏం చేస్తుంది" అన్నాడు.

హరిప్రియ ఇద్దరికీ నిమ్మరసం ఇచ్చి ఫైలు తెరిచింది. రెండు పేజీలు తిప్పి ఇబ్బందిగా నవ్వింది. "మామయ్యగారూ, నాకు తెలుగు చదవడం ఆతా నహీ కదా. ఆప్ హీ పఢ్ దీజియే. మీరు చదవండి, నేను వింటాను."

భాస్కరరావుకి అంతకంటే ఏం కావాలి! కళ్లజోడు సవరించుకుని, ఎంక్వైరీ గదిలో చదివే గొంతుతో మొదలుపెట్టాడు. జుట్టు లేని మంగలి దగ్గర ఓంకార్ పక్కున నవ్వాడు. చెవిటి ఫోను దగ్గర హరిప్రియ కూడా నవ్వింది. గురక మీద తీర్పుకి హైమావతికే నవ్వాగలేదు. ఇల్లంతా తేలికపడింది. ఆయన ఉత్సాహంగా ఆఖరి కేసుకి వచ్చి, ఆరోపణ చదివి, వాంగ్మూలం అందుకున్నాడు.

"సాక్షి: అదేటండీ, ఒకసారేటి..." అని ఆగాడు. చుక్కలున్నాయి కాబట్టి ఆగాలి. "సాక్షి: మరి అలాగంటే ఎలాగ? మొన్న మీరు రాయపూర్ ఎల్లినప్పుడు పాలవాడు ఏటన్నాడో..." మళ్లీ ఆగాడు. "సాక్షి: అయ్యో, అలాటిదేటీ లేదు గానీ, నానేటంటానంటే..."

రాసేటప్పుడు అవి ఉత్త చుక్కలు. పైకి చదువుతుంటే ప్రతిచోటా ఎవరో నోటి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టుంది. పేజీ మొత్తం మీద సాక్షి చెప్పి ముగించిన సంగతి ఒక్కటీ ఆయన కంటికి కనబడలేదు. పైకి చూశాడు, కిందికి చూశాడు. దస్తూరి తనదే. అక్షరం పొల్లుపోలేదు. ఓంకార్ నవ్వడం మానేశాడు. భాస్కరరావు అలవాటు కొద్దీ ఆఖరి రెండు వరసలూ చదివేశాడు. "ప్రశ్న: ఇంకా చెప్పవలసింది ఏమైనా ఉందా? జవాబు: లేదు."

హరిప్రియ అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యగారూ, మీరు సచ్‌ముచ్, నిజంగా అలా అన్నారా? లేదు అని?"

హైమావతి కాసేపు ఆలోచించింది. కోర్టులో సాక్షిలా కాదు, నిజం గుర్తు తెచ్చుకునే మనిషిలా. "ఆ మాట నన్నెవరూ అడగనేదమ్మా" అంది. "నాను కుక్కరు దింపడానికి ఎల్లాను."

ఎవరూ భాస్కరరావుని ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది, సంజాయిషీ చెప్పుకునేవాడు. సాక్షి అనని మాటను కాగితం మీద రాశాడు. అదీ ముందుగానే. ఒక్క హైమావతికేనా? ముప్ఫై ఏళ్లుగా ఆ గదిలోకి వచ్చిన ప్రతివాడికీ. వాళ్లలో ఎవరికి చెప్పుకోవడానికి ఏముండేదో ఇప్పుడు ఏ ఫైలు తీసినా దొరకదు. జేబులోంచి పెన్ను తీసి, "లేదు" అన్న మాటను అడ్డంగా కొట్టి, పక్కన పొట్టి సంతకం చేశాడు. తప్పు దిద్దితే పక్కన సంతకం ఉండాలి, అది రూలు. తర్వాత పెళ్లాం వైపు తిరిగాడు. గొంతు అచ్చం ఆఫీసు గొంతే, వేరే గొంతు ఆయనకి లేదు.

"ఇంకా చెప్పవలసింది ఏమైనా ఉందా?"

"ఉంది" అంది హైమావతి. "ముందు ఆ పెన్ను కింద పెట్టండి."

పెట్టాడు.

"మీరు రాయపూర్ ఎల్లిన రోజు పాలకి నానే గేటు దగ్గరికి ఎల్లాను. రోజూ మీరే ఎల్తారు గదా, కొలత చూసుకోవాలని. కొత్త పాలవాడు నన్ను చూసి తెల్లబోయాడు. 'దాయీ, అమ్మా, మీరెవరు? ఇంతవరకూ సాబ్ ఒక్కరే ఉంటారనుకున్నాను. పొద్దుటే వచ్చినా, సాయంత్రం వచ్చినా ఆయన గొంతే వినిపిస్తుంటే, పాపం ఒంటరి మనిషి, రోజంతా ఫోన్లో మాట్లాడుకుంటారనుకున్నాను' అన్నాడు." హైమావతి నవ్వింది. "నాకు ఎంత నవ్వొచ్చిందో! మీరు రాగానే చెప్పీసి నవ్విద్దామనుకున్నాను. ఎన్నిసార్లు మొదలెట్టానో. మీరు అస్తమానూ పాలల్లో నీళ్లు కలిపీసారు."

ఆవిడ ఒక్కతే నవ్వింది. ఓంకార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

హరిప్రియ లేచి లోపలికి వెళ్లి పైవాటా తాళంచెవి తెచ్చింది. భాస్కరరావు అలవాటుగా చెయ్యి చాచాడు. ఆ అమ్మాయి ఆయన్ని దాటి వెళ్లి దాన్ని అత్తగారి చేతిలో పెట్టింది. "ఇది మీది అత్తయ్యగారూ. మామయ్యగారిని తీసుకురావాలా వద్దా, మీ ఇష్టం" అంది. సగం వేళాకోళం, సగం కాదు.

హైమావతి తాళంచెవిని కొంగున ముడేసుకుంది. నిమ్మరసం రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టి, కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"అది తర్వాత చూద్దామమ్మా. నాను ఇంకా ముగించనేదు. పెళ్లయి ఈ ఊరొచ్చిన ఏడాది..."

భాస్కరరావుకి అది ఏ సంగతో వెంటనే తట్టింది. చెప్పబోయి, నోరు మూసుకున్నాడు.